డెల్టా నీళ్ల కథ – 9: బోదె దాటాక

తెనాలిలో రేపల్లె పాసింజరు ఎక్కితే చినరావూరు తర్వాత వచ్చే స్టేషను జంపని. 1916లో వేసిన లైను. బోర్డు మీద ఊరి పేరు తెలుగులో సరిగానే ఉంటుంది గాని, ఇంగ్లీషులో జడ్ అక్షరంతో మొదలవుతుంది. ఏ దొర చెవికి అలా వినపడిందో! మొన్నటిదాకా గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా.

భాద్రపదంలో ఒకరోజు తెల్లవారకముందే ఇక్కడ దిగి పొలంగట్టు మీద నడవండి. నాట్లు కుదురుకుని పచ్చబడ్డ లేత వరి. ప్రతి ఆకు కొసనా ఒక్కో నీటిబొట్టు నిలబడి ఉంటుంది. మంచు అనుకుంటాం. మంచయితే ఆకంతా తడవాలి కదా, కొసన ఒక్కటే ఎందుకు కూర్చుంటుంది? వేలితో ఆ బొట్టు తుడిచేసి కాసేపు అక్కడే నిలబడితే అదే కొసన ఇంకో బొట్టు ఊరుతుంది. పైనుంచి పడింది కాదది, లోపల్నుంచి వచ్చింది. రాత్రంతా వేళ్లు నీళ్లు తోడుతూనే ఉంటాయి. ఆవిరి చేసే ఎండ లేక ఆ నీరు ఆకు కొసన కారిపోతుంది. బడి పుస్తకంలో దీన్ని బిందుస్రావం అన్నారు.

ఈ ధారావాహికలో ఇంతవరకూ మనం నీటిని కిందికే తెచ్చాం. 1832–33 డొక్కల కరువులో గుంటూరు సీమ జనం ఎలా రాలిపోయారో చూశాం. కాటన్ వాదన, కెప్టెన్ ఓర్ పని, 1852లో మొదలై 1855కి పూర్తయిన బెజవాడ ఆనకట్ట చూశాం. సీతానగరం దగ్గర తూములు ఎక్కిన కృష్ణ నీరు దుగ్గిరాల లాకుల దగ్గర చీలి, తెనాలి ఊరి మధ్యన మూడు కాలువలై పారి, పిల్లకాలువల్లో పడి, పోయిన వారం పంటబోదె దాకా వచ్చింది. మన చరిత్ర పుస్తకాలన్నీ సరిగ్గా అక్కడే ఆగిపోతాయి. బోదె దాటాక ఇక రైతు సంగతి, పంట సంగతి అన్నట్టు. కానీ నీటి ప్రయాణం అక్కడ సగమే అయింది. మిగతా సగం మొక్కలో ఉంది. బెజవాడ నుంచి బోదె దాకా నీళ్లకు వాలు చాలు. బోదె నుంచి ఆకుకి మాత్రం ఎదురెక్కాలి.

ఈ ఎక్కే నీళ్లు ఎన్నో తూచి చూసినవాడు ఇంజనీరు కాదు, ఒక చర్చి ఫాదరీ. ఇంగ్లండులో టెడ్డింగ్టన్ ఊరి స్టీఫెన్ హేల్స్. మన ఆనకట్టకు 125 ఏళ్ల ముందు, 1727లో ఆయన పుస్తకం అచ్చయింది. కుండీలో మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్క పెట్టి, మట్టిలోంచి తేమ ఆవిరైపోకుండా కుండీ మూతికి సీసపు రేకు బిగించి, రోజూ పొద్దునా సాయంత్రం తూచాడు. పగలు 12 గంటల్లో సగటున 20 ఔన్సులు, అంటే అర కిలో పైచిలుకు నీరు ఆకుల్లోంచి గాలిలో కలిసిపోయింది. బరువుకి బరువు లెక్కగడితే మనిషికి పట్టే చెమటకి అది 17 రెట్లని తేల్చాడు. మొక్క వేళ్లతో తాగినదాంట్లో నూటికి 97 పాళ్లకు పైగా ఇలా ఆవిరయ్యేదే. ఒంట్లో మిగిలేది చుక్కే. దీనికే తెలుగులో బాష్పోత్సేకమని ఒక గంభీరమైన పేరు పెట్టుకున్నాం. నోరు తిరిగేలోపు ఇంకో చెంబుడు ఆవిరైపోతుంది. నిండు ఎండ కాసిన రోజున ఎకరా వరిచేను, అడుగున నిలిచిన నీటి ఆవిరితో కలిపి, 20 వేల లీటర్లకు అటూ ఇటూగా గాలికి వదులుతుంది. నాలుగు ట్యాంకర్లన్నమాట, ఒక్క ఎకరాకి, ఒక్క రోజుకి.

ఇన్ని నీళ్లు పైకెక్కించే మోటారు ఎక్కడుంది?

బాపట్ల వైపు ఇసుక నేలల్లో ఫిల్టరు పాయింటు వేయించుకున్న రైతుకి ఈ ప్రశ్నలో ఉన్న చిక్కు చప్పున అర్థమవుతుంది. మోటారు గట్టు మీద పెడితే పాతిక అడుగులకన్నా లోతు నీళ్లు అందవు. నీటిమట్టం పడిపోయిన ఏడు గొయ్యి తవ్వి మోటారునే కిందికి దించాలి. పంపు పీల్చడమంటే గొట్టంలో గాలి తీసేయడమే. నీటిని పైకి నెట్టేది బయటి గాలి బరువు. ఆ బరువు మహా అయితే 10 మీటర్ల నీటిని మోస్తుంది, అది కూడా లెక్కల్లో. మరి పక్కనే గట్టు మీద 60, 70 అడుగుల తాటిచెట్టు ఉంటుంది. దాని మొదట్లో మోటారు లేదు, కొసన పంపు లేదు. వేళ్ల నెట్టుడు, ఇందాకటి వరి కొసన బొట్టు పుట్టించిన వేరు పీడనం, అంత ఎత్తుకి చాలదు. పట్టపగలు ఎండలో, నీళ్లు ఎక్కువ కావలసిన వేళకి, అది దాదాపు ఉండనే ఉండదు.

చెట్టులోని బతికున్న కణాలే తోడుతున్నాయేమోనని చాలాకాలం అనుకున్నారు. జర్మనీలో ష్ట్రాస్‌బర్గర్ 1890ల మొదట్లో నిలువెత్తు చెట్లను మొదలంటా కోసి విషం కలిపిన నీళ్లలో నిలబెట్టాడు. విషం ఎక్కుతూ దారిలో ఉన్న కణాలన్నిటినీ చంపుకుంటూ పోయింది. అయినా నీళ్లు ఎక్కడం ఆగలేదు. చచ్చిన గొట్టాల్లోంచే ఎక్కాయి. నిజానికి నీరు మోసే దారువు గొట్టాలు ఎప్పుడూ చచ్చినవే. కణం చచ్చి, లోపల ఖాళీ అయి, గోడలు మాత్రం మిగిలాకే అది కాలువగా పనికొస్తుంది.

ఆ పరిశోధనశాల చూసివచ్చిన ఐరిష్ యువకుడు హెన్రీ డిక్సన్, డబ్లిన్‌లో తన స్నేహితుడు జాన్ జోలీతో కలిసి 1894లో జవాబు చెప్పాడు. నీటిని కిందనుంచి ఎవరూ నెట్టడం లేదు, పైనుంచి ఎండ గుంజుతోంది. ఆకులోంచి ఒక నీటి రేణువు ఆవిరైపోతే దాని వెనకది ముందుకి జరుగుతుంది. నీటికి నీరంటే విడవని పట్టు. సన్నటి గొట్టంలో, మధ్యలో గాలి బుడగ లేకుండా ఉంటే, నీళ్లు మోకులాగా గుంజుడుకి ఆగుతాయి. బావిలోంచి చేదతాడు లాగినట్టు ఆకు కొస నుంచి వేరు దాకా ఒకటే తాడు, నీటితోనే పేనిన తాడు. లాగే బలం మాటకొస్తే, గాలిలో తేమ సగమే ఉన్నప్పుడు పొడిగాలి నీటిని లాక్కునే శక్తి 900 వాతావరణ పీడనాలు దాటుతుంది. 70 అడుగుల తాడు దానికొక లెక్కా?

విన్నవాళ్లు చాలామంది నమ్మలేదు. నీటిని తాడులా లాగడమేమిటి అన్నారు. మన జగదీశ్ చంద్ర బోస్ కూడా ఒప్పుకోలేదు. చెట్టులో ఒక పొర కణాలు గుండెలా కొట్టుకుంటూ నీటిని పైకి తోస్తాయని 1923లో ఏకంగా పుస్తకమే రాశాడు. చెట్టుకీ గుండె ఉందన్న మాట మన మనసుకి ఎంత హాయిగా ఉందో! అందుకే కాబోలు, మన పత్రికల్లో ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ పూలు పూస్తుంది. బోస్ పరికరాలకీ, ఆయన చూపుకీ చేయెత్తి మొక్కొచ్చు గాని ఈ సంగతిలో మాత్రం ఆయన పొరబడ్డాడు. చచ్చిన మానులోంచి నీరెక్కడం అంతకు 30 ఏళ్ల ముందే ష్ట్రాస్‌బర్గర్ చూపించాడు మరి.

ఇంత ధారాళంగా నీళ్లు పోగొట్టుకోవడం మొక్కకి మాత్రం ఇష్టమా? గత్యంతరం లేదు. అన్నం వండుకోవాలంటే గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి రావాలి. దానికి ఆకు తలుపు తీయాలి. తలుపు తీస్తే నీరు పోతుంది. ఆ తలుపులే పత్రరంధ్రాలు. ఒక్కో రంధ్రానికి రెండు రక్షక కణాలు, రెండు పెదవుల్లాగా. అవి నీరు పీల్చుకుని ఉబ్బితే నోరు తెరుచుకుంటుంది, సడలితే మూసుకుంటుంది. ఉబ్బించే ఉపాయం పొటాష్. రైతు బస్తాల్లో కొని చల్లే పొటాషే, రక్షక కణంలోకి చేరి తన వెంట నీళ్లను లాక్కుపోతుంది. నేల ఆరితే మొక్కలో అబ్‌సిసిక్ ఆమ్లమనే కబురు బయలుదేరుతుంది. అది అందగానే పొటాష్ బయటికి జారుకుంటుంది, తలుపు పడిపోతుంది.

ఈ తలుపుల కథలో మనవాళ్లున్నారు. తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో వి.ఎస్. రామదాస్, ఆయన శిష్యుడు ఎ.ఎస్. రాఘవేంద్ర కలిసి, పత్రరంధ్రం తెరుచుకోవడానికి కాంతి నుంచి శక్తి ఏ దారిన అందుతుందో వివరిస్తూ 1972లో కరెంట్ సైన్స్ పత్రికలో రాశారు. ఆ తర్వాత రాఘవేంద్ర హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఇదే పనిలో ఉండిపోయారు. వాళ్ల ప్రయోగాలకి ఎక్కువగా పనికొచ్చిన మొక్క ఏ ఉద్యానవనంలోదో కాదు. మన పొలంగట్ల మీద తేమ తగిలితే చాలు అల్లుకుపోయే నీలిపూల కలుపు, కొందరు వెన్నవెదురంటారు. దాని ఆకు అడుగున పొర ఉల్లిపొరలా ఊడివస్తుంది, తలుపులు బారులు తీరి కనిపిస్తాయి. కలుపుమందు కొట్టేముందు ఒక్క ఆకు గిల్లి చూడండి.

నీళ్లు పోకుండా కాచుకోవడంలో అన్ని పంటలూ ఒకటి కావు. గ్రాము ఎండు పదార్థం కూడబెట్టడానికి వరిలాంటి మొక్క 500 గ్రాముల నీరు ఖర్చు పెడితే, చెరకు, మొక్కజొన్న దాదాపు సగంతో సరిపెడతాయి. చెరకు చేసే ఈ కిటుకు 1965లో హవాయి చెరకు పరిశోధన కేంద్రం నుంచి బయటపడింది. తెనాలి చుట్టుపక్కల వరి కోసిన చేలో దున్నకుండానే మొక్కజొన్న గింజ గుచ్చే రైతు ఆ వ్యాసం చదవలేదు. అయినా కాలువ కట్టేసే రోజులకి ఏ పైరు సరిపోతుందో అతనికి తెలుసు.

చెరకు మాటెత్తాను కాబట్టి మళ్లీ జంపని రావాలి. ఇది ఒకప్పుడు సహకార చక్కెర ఫ్యాక్టరీ ఆడిన ఊరు. చెరకు బళ్ల వెనక పరుగెత్తి గడ లాక్కున్న పిల్లలు ఇప్పుడు తాతలయ్యారు. గడ దొరికాక అసలు తగాదా మొదలయ్యేది. మొదలు ఎవరికి, కొస ఎవరికి? మొదలు తేనె, కొస చప్పిడి. అదెందుకో అప్పుడెవరూ చెప్పలేదు. ఆకులో తయారైన పంచదార కిందికి దిగి ముదురు కణుపుల్లో దాక్కుంటుంది. కొసన ఉన్న లేత కణుపులు ఎదుగుతున్న పిల్లలు, వచ్చింది వచ్చినట్టే తినేస్తాయి. కోతకు ముందు తడులు ఆపేస్తారే, అదీ ఇందుకే. ఎదుగుదల ఆగితే తినేవాడుండడు, తీపి పేరుకుంటుంది. నరికిన గడని ఫ్యాక్టరీ గేటు దగ్గర రెండ్రోజులు నిలబెడితే ఆ పంచదారే విరిగి వేరే చక్కెరలవుతుంది. తూకమూ పోతుంది, తీపీ పోతుంది.

మరి తీపి ఏ దారిన దిగుతుంది? చెట్టు చుట్టూ బెరడు చెక్కితే గాయానికి పైభాగం ఉబ్బుతుందనీ, కొన్నాళ్లకి వేళ్లు పస్తుండి చెట్టు చస్తుందనీ అడ్డొచ్చిన తుమ్మని వదిలించుకోవాలనుకున్న ప్రతి రైతుకీ తెలుసు. ఇటలీలో మాల్పీజీ 17వ శతాబ్దిలోనే ఈ ఉబ్బు చూసి రాసిపెట్టాడు. అయినా 1922లో డిక్సన్, నీటి తాడు సంగతి చెప్పిన డిక్సనే, బెరడులోని ఆ ఇరుకు దారిలో అంత పంచదార పోలేదు, అదీ మాను గొట్టాల్లోనే దిగుతుందని వాదించాడు. ఎక్కేదాంట్లో నెగ్గినవాడు దిగేదాంట్లో ఓడాడు. 1928లో ట్రినిడాడ్ దీవిలో మేసన్, మాస్కెల్ అనే ఇద్దరు పత్తి మొక్కల బెరడు చెక్కీ, మిగిల్చీ, కొలిచీ ఆ వాదం పొరపాటని తేల్చారు. డెల్టాకి కాటన్ దొర, పంచదారకి కాటన్ మొక్క!

తోసేదెవరో 1930లో జర్మనీ అటవీశాస్త్రి ఎర్న్‌స్ట్ మ్యూంఖ్ చెప్పాడు. మాగాయ పెట్టే ఇంట్లో దాన్ని అర్థం చేసుకోవడం తేలిక. మామిడి ముక్కలకి ఉప్పు కలిపి జాడీలో పెడితే తెల్లారేసరికి ఊట నిండుతుంది. ఉప్పు నీటిని లాగింది. ఆకులో ఉప్పు బదులు పంచదార ఆ పని చేస్తుంది. మొక్క దాన్ని పోషక నాళంలోకి కూరుతుంది, పక్కనున్న నీటి గొట్టం నుంచి నీరు అందులోకి దూకుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. అటు చివర వేరో, దుంపో, గింజో పంచదార దింపుకుంటూ ఉంటే అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఇక పాకం దానంతటదే గంటకి మీటరుకి అటూ ఇటూ వేగంతో సాగిపోతుంది. ఎక్కే నీరు గుంజుడు మీద, దిగే పాకం తోపుడు మీద. పంచదారని నాళంలోకి కూరడానికి మాత్రం శక్తి ఖర్చు. ఆ ఖర్చుకి చెల్లే నాణెం ఏటీపీ. 1929లో దాన్ని పట్టుకున్న కొద్దిమందిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. వరి పాలు పోసుకుంటోంది అంటాం కదా, వెన్నులో లేత గింజ నొక్కితే తెల్లగా చిమ్మే ఆ పాలు ఇలా దిగివచ్చిన పాకమే, పిండిగా మారుతూ.

ఈ ఒత్తిడి నిజమని రుజువుచేయడానికి దొరలకి పేనుబంక కావలసి వచ్చింది. 1953లో కెనెడీ, మిట్లర్ ఇద్దరూ మొక్కని కుట్టి తాగుతున్న పేనుబంకని మత్తులో ముంచి, దాని తొండం మిగిల్చి ఒంటిని కోసేశారు. తెగిన తొండంలోంచి తీపి రసం రోజుల తరబడి కారింది. పురుగు పీల్చక్కర్లేదు, మొక్కే తోస్తోంది. బ్రహ్మాండమైన ప్రయోగమే, కాదనను. కానీ నిజాంపట్నం దారిలో తాళ్లెక్కే గీత కార్మికుడు తరతరాలుగా చేస్తున్నదేమిటి?

చిన్నప్పుడు చూసిన దృశ్యం. మోకు బిగించి తాతగారు సరసరా ఎక్కాడు. గెల కొసన పల్చటి చెక్కు, అప్పడం కంటే పలచగా, కత్తితో తీశాడు. లొట్టి మార్చాడు. దిగాక అడిగాను.

“రోజూ చెక్కటం ఎందుకు తాతా? ఒక్కసారే కోసేస్తే కారదా?”

“కారద్ది, పొద్దుటికి మూసుకుపోద్ది బాబూ. గాయం మాన్పుకోవాలని దాని ఆరాటం. మాననీకుండా ఉండాలని మన ఆరాటం.”

దెబ్బ తగలగానే పోషక నాళం తన జల్లెడ కన్నాలని పూడ్చేసుకుంటుందని వృక్షశాస్త్రం చెబుతుంది. తాతగారు చెప్పిందీ అదే. ఇంకొక వింత ఉంది. వేపలాంటి చెట్టు కొత్త నాళాలు వేసుకుంటూ పాతవి వదిలేస్తుంది. తాడికి ఆ వీలు లేదు. అది మొలిచిన నాళ్ల నాళాలే చెట్టు ఉన్నంతకాలం, కొన్నిట్లో నూరేళ్లు, పనిచేస్తూ ఉండాలి. లోపల కేంద్రకం కూడా లేని కణాలు అంతకాలం బతకడం జీవశాస్త్రంలో అరుదు.

పాకం దారి తెలిసిన దొంగలు ఇంకా ఉన్నారు. బాపట్లలో పుట్టి 1986లో విడుదలైన సాంబ మసూరి, అదే బీపీటీ 5204, బువ్వకి ఎంత రుచో సుడిదోమకీ అంతే. దోమ దుబ్బు మొదట్లో చేరి పాకం తాగుతుంది, చేను గుండ్రంగా సుడులు సుడులుగా ఎండిపోతుంది. వరి మాగాణిలో మినుముకి పట్టే బంగారు తీగది ఇంకో దారి. కోతకి రెండు మూడు రోజుల ముందు నిలుచున్న వరిలో మినుములు చల్లుతారు. ఆ పైరు నేలలో మిగిలిన తేమతోనే 80 రోజులు గడుపుతుంది. మిట్టమధ్యాహ్నం మినప చేలోకి వెళ్లి చూస్తే ఆకులు ఎండకి ఎదురుగా పరుచుకోవు, అంచు తిప్పి నిలబడతాయి. అంత పొదుపుగా దాచుకున్న నీటినీ, వండుకున్న పాకాన్నీ ఆకూ వేరూ లేని ఒక పసుపుపచ్చ దారం వచ్చి చుట్టుకుని, కాండంలోకి కన్నం వేసి, రెండు నాళాల్లోంచీ తాగేస్తుంది. పూత పూయకముందే పీకి కాల్చేయాలంటారు. గింజ పడితే ఏళ్ల తరబడి నేలలో కాచుకు కూర్చుంటుంది.

ఇక రేపల్లె దాటి సముద్రం దాకా వెళ్దాం. డెల్టా నీటికి చివరి మజిలీ నిజాంపట్నం మడ అడవి. ఇక్కడ నీటికి కొరత లేదు, తాగే నీటికే కరువు. ఉప్పునీటిలోంచి మంచినీరు గుంజాలంటే 25 వాతావరణ పీడనాలకు పైగా బలం కావాలి. షోలాండర్ అనే నార్వే శాస్త్రవేత్త అమెరికాలో ఉక్కు డబ్బా ఒకటి తయారుచేశాడు. కోసిన కొమ్మను అందులో బిగించి, తెగిన కొస మాత్రం బయటికి వదిలి, లోపల గాలి ఒత్తిడి పెంచుకుంటూ పోతాడు. వెనక్కి జారిపోయిన నీరు మళ్లీ కొసన తళుక్కుమన్న క్షణాన ముల్లు ఎంత చూపిస్తే అంత గుంజుడు. ఎత్తయిన చెట్ల కొమ్మలు అందక తుపాకీతో కొట్టి దించుకున్నాడు. 1965లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఆ లెక్కల్లో మడ జాతులు 30 నుంచి 60 వాతావరణ పీడనాల గుంజుడు మీద బతుకుతున్నట్టు తేలింది. డిక్సన్ నీటి తాడు తెగకుండా ఉప్పుసముద్రాన్నే లాగుతోందన్నమాట. ఉప్పులో చాలాభాగాన్ని మడ వేళ్లు గుమ్మంలోనే ఆపేస్తాయి. తప్పించుకు వచ్చిన కాస్తా ఆకులే బయటికి నెట్టేస్తాయి.

పడవ దిగి ఒడ్డున మడ ఆకు ఒకటి తెంపి వెనక్కి తిప్పాను. బూడిద రంగు నూగు మీద సన్నగా తెల్లటి పలుకులు. నాలుకకి తాకించాను. బెజవాడ దగ్గర తీయగా బయలుదేరిన కథకి ఇంత ఉప్పు తగిలింది.

(వచ్చే వారం: నల్లమడ డ్రెయిను, మురుగు కాలువల తగాదాలు)